నెయ్యి వడ్డించే మనిషి

నమోదు 41. గాలి: తూర్పు, ఉదారంగా వీస్తోంది

మెట్టవలస చిత్రశాలలో, పాత్రల విభాగంలో ద్వితీయ శ్రేణి విశ్లేషకుణ్ణయిన త్రినాథ్ అనబడే నేను ఈ ఉదయం పొడిగుడ్డతో యంత్రానికి పట్టిన ఉప్పు తుడిచాను. కళాశాలలో నాలుగేళ్ళపాటు పాత్రచిత్రణా ఇతివృత్త విచారణా చదివినవాడికి సమాజం అప్పగించిన గురుతర బాధ్యత ఇదే. ఉప్పు తుడవగా మిగిలిన టైములో సాహిత్య విమర్శ చేసుకోవచ్చు.

యంత్రం అసలు పేరు పునఃసృష్టి యంత్రం. మేమంతా పెద్దత్త అంటాం. మనం అన్న మాట ఒక్కటీ మరిచిపోదు, అనని మాట దాని చెవికెక్కదు. సముద్రం కింది ఊళ్ళనీ, ఆ ఊళ్ళు దాచుకున్న బొమ్మలనీ పాటలనీ కలిపి మింగేశాక మాకు మిగిలిన నిల్వ చాలా కొద్ది. అందులో మందుల వివరాలూ విత్తనాల వివరాలూ పెట్టుకోవాలి. రెండున్నర గంటల సినిమాకి చోటెక్కడిది? అందుకని ఒక విశ్లేషకుడు సినిమా చూసి, పాత్రలు ఎలాంటివాళ్ళో, కథ దేని గురించో రెండు పేజీలు రాస్తాడు. ఆ రెండు పేజీలే దాస్తాం. గాలిమరలు బాగా తిరిగిన రోజున పెద్దత్త వాటిని చదువుకుని సినిమా మొత్తం మళ్ళీ మొలిపిస్తుంది. ఆట అయి హాలు తలుపులు తీసేసరికి అది ఉండదు. మళ్ళీ గాలి వీస్తే మళ్ళీ మొలుస్తుంది. పెళ్ళికూతురి చీర ఒకసారి నీలం, ఒకసారి పచ్చ. ఆమాత్రం తేడాకి ఎవరూ గొడవపడరు.

పెద్దత్తకి మూడు పట్టింపులున్నాయి. ఒకటి, ప్రతి ఆటా తనూ చూసి, తనకి అర్థమైనది ఒక వాక్యంగా మన పేజీలకి కలుపుకుంటుంది. రెండు, పేజీల్లో ఉన్నది కొట్టెయ్యనివ్వదు, కలపనిస్తుంది అంతే. పాత తరం విశ్లేషకులు ఒకరి వాక్యాలు ఒకరు కొట్టేసుకుంటూ ఒక సినిమాని పూర్తిగా బోడి చేసేశాక పెట్టిన నియమం ఇది. మూడు, ఒక పాత్ర ఫలానా పని చెయ్యదని రాస్తే, ప్రళయం వచ్చినా ఆ పాత్ర చేత ఆ పని చేయించదు. అది దాని మడి. మా సీనియరొకాయన ఓ నాయకుడి గురించి 'ఈ మనిషి ఎవరి ముందూ కూర్చోడు' అని పౌరుషంగా రాశాడు. ఆ నాయకుడు ఇప్పటికీ భోజనం దగ్గరా బండిలోనూ నిలబడే ఉంటాడు. శోభనం గదిలో కూడా.

నిన్న 'ఏడు పూటల విడిది' అనే సినిమాకి అప్పగింతలు చేశాం. మొలిచిన సినిమా మూడు పరీక్ష ఆటలు ఫిర్యాదు లేకుండా నడిస్తే అసలు సినిమాని చెరిపేస్తాం. చెరిపే ముందు దానికి పసుపు రాసి, అక్షింతలు వేసి, కూతుర్ని అత్తారింటికి పంపినట్టు పెద్దత్తకి అప్పగిస్తాం. విశ్లేషకుడు పెళ్ళికూతురి తండ్రిలా భుజాన కండువా వేసుకుని కన్నీళ్ళు పెట్టుకోవాలి. నేను కండువా కొసకి ఉల్లిపాయ రుద్దుకుని వెళ్ళాను. మా విభాగం పెద్ద వైదేహి గారు నా శోకాన్ని మెచ్చుకున్నారు.

సినిమా డెబ్బయ్యేళ్ళ కిందటి కామెడీ. మగపెళ్ళివారు ఏడు పూటల భోజనానికని విడిదింట్లో దిగి ఇక కదలరు. పెళ్ళికూతురు కుసుమాంబ వాళ్ళని కదిలించడానికి వేసే ఎత్తులే కథ. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. జనం అలా నవ్వే సినిమాని నవ్వుల సినిమా అని రాస్తే నాకు ప్రథమ శ్రేణి ఎవరిస్తారు? అందుకని ఇతివృత్తం దగ్గర ఇలా రాశాను: 'పైకి ఇది విందు. లోపల ఇది లేమి. ఈ బంతిలో కూర్చున్నవారి కన్నా లేనివారే ఎక్కువ.' అంటే ఏమిటో నాకూ తెలియదు. వైదేహి గారు రెండుసార్లు చదివి, "లోతుందయ్యా" అన్నారు.

ప్రధాన పాత్రలు ఆరుగురికి ఆరు పేరాలు. మిగతావారికి ఆనవాయితీ ప్రకారం ఒకటే పంక్తి: 'జనం: మామూలే.'

నమోదు 42. గాలి: తూర్పు, పరవాలేదు

అప్పగింతల తర్వాత మొదటి ఆట, మధ్యాహ్నం. ఆట అయ్యాక హాలు ఖాళీ అయింది గానీ ముందు వరసలో ఒక ముసలావిడ లేవలేదు. పేరు నూకాలమ్మ, కింది వాడలో చేపలు ఎండబెడుతుంది. అసలు సినిమా ఉన్న రోజుల్లో వేసిన ప్రతిసారీ వచ్చేది. పరీక్ష ఆటలప్పుడు మాత్రం వానలకి దారి తెగిపోయి రాలేకపోయింది.

"బాబూ, సగమే ఏసినారేటి?"

"మొత్తం వేశాం మామ్మా."

"మరి మా అప్పేదీ?"

"ఎవరూ?"

"పోలమ్మ. మా అప్ప. పెళ్ళి బంతిలో నెయ్యి ఏస్తాది. ఎర్రంచు కోక. ఆ సినిమా మా ఊర్లోనే తీసినారు కాదేటి, ఊరోళ్ళందర్నీ బంతిలోకి పిలిసినారు."

గంభీరంగా గొంతు సవరించుకున్నాను. "చూడు మామ్మా, మొలిచిన సినిమాలో చిన్న చిన్న తేడాలుంటాయి. మీ అక్క చీర రంగు మారి ఉంటుంది, నువ్వు పోల్చుకోలేదు. నెయ్యి వడ్డించారు, నేను చూశాను."

"ఎవులు వడ్డించినారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. విస్తరి గుర్తుంది. అన్నం మీద గుంట గుర్తుంది. గుంటలో సన్నగా పడుతున్న నెయ్యి ధార గుర్తుంది. ధార పైన వంగిన గిన్నె గుర్తుంది. గిన్నె పట్టుకున్న చెయ్యి ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

"నువ్వు సదూకున్న గుంటడివి గదా," అంది నూకాలమ్మ లేస్తూ. "దాన్నెక్కడెట్టినారో ఓపాలి సూడు."

నమోదు 43. గాలి: ఈశాన్యం, గట్టిగా

ఈసారి ఆట కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. విశ్లేషకుడు తను విశ్లేషించిన సినిమాని శ్రద్ధగా చూడడం మా చిత్రశాల చరిత్రలో అపూర్వం.

చెయ్యి లేదు. గిన్నె తనంతట తాను విస్తళ్ళ వెంట నడుస్తోంది. అదొక్కటే కాదు. పందిట్లో సన్నాయి వినిపిస్తోంది, సన్నాయి మాత్రం స్తంభానికి ఆనించి ఉంది. వంటవాళ్ళు లేరు, గాడిపొయ్యి మీద గరిటె తిరుగుతోంది. బంతిలో సగం విస్తళ్ళ ముందు ఎవరూ లేరు. అయినా అన్నం తరుగుతోంది. మిగిలినవాళ్ళు ఆ ఖాళీల వైపు తిరిగి, "కాస్త వేయించుకోండి బావగారూ, మొహమాటపడకండి" అంటున్నారు. ఆ ఖాళీ ఏం జవాబు చెబుతోందో గానీ, విని తలలాడిస్తున్నారు.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. పిల్లలు అమ్మల కొంగులు పట్టుకున్నారు.

నాకు అప్పుడర్థమైంది. పెద్దత్త బుద్ధిమంతురాలు. లేనివారే ఎక్కువ అన్నాను కదా, పరీక్ష ఆటల నుంచీ ఆటకి కొందరిని లేకుండా చేస్తూ వచ్చింది. ముందు జనాన్ని తీసింది. మామూలే అన్నవాళ్ళు పోతే ఎవరు గమనిస్తారు? ఎవరూ గమనించలేదు. మూడు ఆటలూ ఫిర్యాదు లేకుండా నడిచాయి.

వైదేహి గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఇదయ్యా లోతంటే. ఒళ్ళు జలదరించింది. వెకిలి నవ్వుల సినిమాని నువ్వు ఎక్కడికి తీసుకెళ్ళావో తెలుసా?"

"తెలుసండి. ఎక్కడికో తీసుకెళ్ళి వదిలేశాను. మనుషులు మాయమవుతున్నారు."

"మనుషులు కాదు, పాత్రలు. అవి కూడా అప్రధాన పాత్రలు."

"ఒక మామ్మ వాళ్ళ అక్క ఉందండి అందులో."

"అప్రధానమే కదా?" అని అడిగారు, నిజంగానే సందేహం తీర్చుకుంటున్నట్టు.

రాత్రి ఉమ్మడి వంటశాలలో నా పక్కన ఎవరూ లేరు. వడ్డించే ఆవిడ నాకు వేసి, పక్కన ఖాళీ చోట ఇంకో కంచం పెట్టి అన్నం వేసింది. ఎవరికి అని అడిగితే, కంచం వైపు చూసి, "ఏమో, ఎవరో కూర్చున్నట్టనిపించింది" అంది. ఆవిడ ఉదయం ఆట చూసింది. నేను జోకు వెయ్యడానికి ప్రయత్నించాను. కుదరలేదు. ఆ కంచంలో అన్నం తరగలేదని రూఢి చేసుకునేదాకా లేవలేకపోయాను.

నమోదు 44. గాలి: ఈశాన్యం

కుసుమాంబ ఒక్కతే మిగిలింది.

రెండున్నర గంటలూ ఆ పిల్ల ఖాళీ విడిదింట్లో తిరిగింది. గదిగదికీ వెళ్ళి, "మావయ్యా, కాఫీ" అంది. "ఇంకా ఎన్నాళ్ళుంటారు బాబాయ్" అని ఎత్తిపొడిచింది. ఒకప్పుడు హాలంతా పగలబడి నవ్విన మాట అది. ఇప్పుడా అమ్మాయి ఆ మాట అని, జవాబు కోసం తలుపు సందులోంచి చాలాసేపు చూసింది. చివర్లో విస్తళ్ళన్నీ వరసగా వేసి, తన చెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకుంది. ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

ఆట అయ్యాక పెద్దత్త తన వాక్యం కలుపుకుంది. మరో ఆటతో ఇతివృత్తం పండుతుందని వైదేహి గారు ప్రకటించారు. పండడమంటే పేజీలు మూసుకోవడం. మూసుకున్నాక ఒక్క అక్షరం కూడా కలపనివ్వదు. అంటే వచ్చే ఆటలో కుసుమాంబ కూడా పోతుంది. ఆ తర్వాత ఎన్ని గాలులు వీచినా మెట్టవలసలో మొలిచేది ఒక ఖాళీ ఇల్లు.

నూకాలమ్మ లోపలికి రాలేదు, బయట అరుగు మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కనబడ్డాదేటి?"

"లేదు మామ్మా."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకి నా దగ్గర సమాధానాలు తయారుగా ఉంటాయి.

"దానిది ఇంకేటీ నేదు బాబూ. పటం నేదు, కోక నేదు. సముద్రం వొచ్చిన్నాడు ఇంటితో పాటే ఎల్లిపోనాది. ఆ బంతిలోనే మిగిలినాది. నాకు ఎనబయ్యేళ్ళొచ్చీసినాయి, దానికి అక్కడ పదేడే. నెలకోపాలి సూసొస్తే, అప్ప బాగానే ఉన్నాదిలే అనుకుని తొంగునేదాన్ని."

నమోదు 45. గాలి లేదు

గాలి లేకపోవడం దేవుడి దయ. గాలి వచ్చేదాకా ఆట లేదు. కింది వాడకి దిగాను. నూకాలమ్మ తాటాకు చాప మీద చేపలు తిరగేస్తోంది. నేనూ కూర్చుని తిరగెయ్యడం మొదలెట్టాను. నేను తిరగేసినవన్నీ ఆవిడ మళ్ళీ సరిచేసింది.

"మామ్మా, పోలమ్మ గురించి చెప్పు. సినిమాలో చూసినట్టుగా. నేనావిడని చూడలేదు."

"అన్నిపాల్లు సూసినావు గదా ఆ సినిమా."

"చూశాను. ఆవిడ వైపు చూడలేదు."

ఆవిడ చేతిలో చేపని తిరగేసి చాప మీద పెట్టింది. "పందిట్లో ఎడమేపు నుంచి వొస్తాది. గబగబా."

నాలుగేళ్ళ చదువు నిద్ర లేచింది. "ఆ గబగబా నడవడంలో ఏదైనా ఆంతరంగిక సంఘర్షణ..."

"కాళ్ళు కాల్తన్నాయి. ఎండలో నాపరాళ్ళు. సెప్పులు ఒద్దన్నారంట సినిమావోళ్ళు."

"సరే. నెయ్యి ఎలా వేస్తుంది?"

"సన్నంగా. ఒట్టి పీనాసిది. సినిమావోళ్ళ నెయ్యి, దీని బాబు సొమ్మేటి పోయింది? అయినా సన్నంగానే ఏస్తాది. సన్నంగా ఏసి, తిన్నారో నేదో అని వొంగి సూస్తాది. అక్కడ ఏదో అంటాది, మనకి ఇనబడదు."

"ఏమంటుంది?"

"'కలుపుకోండి, సల్లారిపోద్ది.' ఇంటికొచ్చి నాకు సెప్పినాది. ఆ మాట అనమని ఎవులూ సెప్పనేదంట. దానికి అది సినిమా అన్న గేనమే నేదు. మనుసులు కూకున్నారు, పెట్టాల, అంతే."

"మనుషులు కూర్చోకపోతే?"

ఇంత చదువూ చదివి ఇదా ప్రశ్న అన్నట్టు చూసింది. "తినీవోళ్ళు నేకండా నెయ్యెవులు వొంచుతారు? మాయమ్మ ఖాళీ ఆకులో ముందే ఏసీమన్నా అప్ప ఏసీది కాదు. మనిసొచ్చి కూకోవాల. అప్పటిదాకా గిన్ని పట్టుకుని అక్కడే నిల్సునీది. మొండిది."

చేప కింద పెట్టి ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. "కంపు గొడతాయి బాబూ," అంది. వదల్లేదు.

నమోదు 46. గాలి: తూర్పు, మెల్లిగా మొదలైంది

రాశాను. జీవితంలో మొదటిసారి, తెలిసినది మాత్రమే రాశాను.

'పోలమ్మ. వయసు పదిహేడు. పందిట్లో ఎడమ వైపు నుంచి వస్తుంది. నాపరాళ్ళు కాలుతున్నాయి కనక గబగబా నడుస్తుంది. ఎర్రంచు చీర. నెయ్యి సన్నగా వేస్తుంది. వేసి, వంగి, కలుపుకోండి చల్లారిపోతుంది అంటుంది. ఎదురుగా మనిషి కూర్చోకుండా ఏ విస్తట్లోనూ నెయ్యి వంచదు.'

వైదేహి గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఏమయ్యా, ఇందులో ఇతివృత్తం ఏది?"

"లేదండి."

"పాత్ర పరిణామం?"

"లేదండి. నెయ్యి ఉంది."

"నీ ప్రథమ శ్రేణి కాగితం నా బల్ల మీద ఉంది. ఇతివృత్తం పండితే సంతకం పెడతాను. ఇది కలిపితే పండదు. తెలిసే చేస్తున్నావా?"

"ఉప్పు తుడవడం నాకు బాగా అలవాటైపోయిందండి."

ఆవిడ నవ్వలేదు. కలపడాన్ని ఆపే అధికారం మాత్రం ఆవిడకీ లేదు. పెద్దత్తకి పేజీ చూపించాను. ఉప్పు గాలికి బుర్రుబుర్రుమంటూ చాలాసేపు చదివింది.

నమోదు 47. గాలి: తూర్పు, నిండుగా

ఆటకి ఎక్కువమంది రాలేదు. నూకాలమ్మని ముందు వరసలో కూర్చోబెట్టి పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

విడిదిల్లు ఖాళీగా మొదలైంది. ఈసారి కుసుమాంబ కూడా లేదు. తలుపులు వాటంతటవి తెరుచుకుంటున్నాయి. గంట గడిచింది. పందిరి వచ్చింది. విస్తళ్ళు వచ్చాయి. వైదేహి గారు వెనకనుంచి సంతృప్తిగా నిట్టూర్చడం వినిపించింది.

ఎడమ వైపు నుంచి ఎవరో గబగబా నడిచివచ్చారు. ఎర్రంచు.

మొదటి విస్తరి దగ్గర ఆగింది. గిన్నె వంచబోయి, ఎదురుగా ఎవరూ లేరని చూసింది. వంచలేదు. నిలబడింది. సినిమా ముందుకి పోవాలి, పెళ్ళి జరగాలి. ఆ అమ్మాయి కదలదు. కాళ్ళు మార్చి మార్చి వేస్తోంది, రాళ్ళు కాలుతున్నాయి. పెద్దత్త గదిలోంచి చక్రాలు మూలిగిన చప్పుడు వచ్చింది. ఒకవైపు నా ఇతివృత్తం, ఇంకోవైపు దాని మడి.

విస్తరి ముందు ఒక బట్టతల పెద్దమనిషి ఉన్నాడు. వచ్చి కూర్చోవడం నేను చూడలేదు. సన్నగా నెయ్యి పడింది. పోలమ్మ వంగి ఏదో అంది. పక్క విస్తరికి జరిగింది. అక్కడ ఒక పిల్ల. ఆ పక్కన బాబాయి, బావగారు, ఎవరెవరో ఊరివాళ్ళు. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ మనిషి మొలుస్తున్నాడు. సన్నాయి వెనక బుగ్గలు, గరిటె వెనక చెయ్యి, వంటింటి గుమ్మంలో కుసుమాంబ. "ఇంకా ఎన్నాళ్ళుంటారు బాబాయ్" అంది ఆ పిల్ల. బాబాయి పొలమారాడు. హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు.

నేను నూకాలమ్మ వైపు తిరిగాను.

"మొకం అది కాదు," అందావిడ చిన్నగా. "ముక్కు కొంచెం పొడుగైనాది." కొంతసేపు చూసింది. "నడక అదే. ఆ వొంగడం అదే. సాల్లే."

బంతి చివర ఒక విస్తరి ఉంది. చిన్నపిల్లలకి వేసే చిన్న విస్తరి. పోలమ్మ దాని ముందు ఆగింది. అక్కడ ఎవరూ మొలవలేదు. ఆమె గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. బంతి లేచింది, పెళ్ళి అయింది, ఏడు పూటలూ గడిచాయి. ఏ సన్నివేశంలో పందిరి కనబడినా ఓ మూల ఎర్రంచు చీర, చేతిలో గిన్నె, ముందు ఆ విస్తరి. ఎవరూ ఆమెను పట్టించుకోవడం లేదు. ఆఖరికి ఆమె తల ఎత్తి హాల్లోకి చూసింది. కాళ్ళు కాలుతున్నవాళ్ళు చూసే చూపు. త్వరగా రా అన్నట్టు.

"మామ్మా," అన్నాను. "అసలు సినిమాలో ఆ విస్తరి ఉండేదా?"

"నేదు."

"నేను రాయలేదు."

"నువ్వెలా రాస్తావు, నాను సెప్పందే? ఆయేళ నాకు జొరం. అమ్మ ఎల్లనివ్వనేదు. ఏడుస్తంటే, నీకూ ఓ ఆకు ఏయిస్తాలే, నువ్వొచ్చీదాకా ఎవుల్నీ కూకోనివ్వనులే అన్నాది." నూకాలమ్మ కుర్చీలో ముందుకి వంగి, పిలిస్తే ఇంట్లోంచి విసుక్కుంటూ పలికినట్టు తెరతో అంది: "వొస్తన్నానే. ఏటా తొందర."

పోలమ్మ తల దించుకుని మళ్ళీ విస్తరి వైపు చూస్తూ నిలబడింది.

నమోదు 48. గాలి: తూర్పు

ఉప్పు తుడిచాను. ప్రథమ శ్రేణి కాగితం వైదేహి గారి బల్ల మీద నుంచి సొరుగులోకి వెళ్ళింది.

మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచి లోపాల నివేదిక చేతికిచ్చారు. బంతి చివరి ఖాళీ విస్తరి పాత ఇతివృత్తం తాలూకు మిగులు అనీ, ఒక వాక్యం కలిపి దాన్ని తీసేయించవచ్చనీ ఆవిడ అభిప్రాయం. విశ్లేషకుడి సమాధానం రాయమన్నారు. కిటికీలోంచి చూస్తే, రేపటి ఆటకి ఇవాళే బయల్దేరినట్టు, నూకాలమ్మ కర్ర పట్టుకుని మెట్టెక్కి వస్తోంది. అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. వచ్చిన ప్రతిసారీ ఆ ఆయాసం కొంచెం ఎక్కువసేపు ఉంటోంది.

సమాధానం రాసి ఇచ్చాను. నకలు ఇది:

'లోపం కాదు. తీయరాదు. ఆ విస్తరి ముందు కూర్చోవలసిన మనిషి ప్రస్తుతానికి హాల్లో, ముందు వరసలో కూర్చుంటోంది.'